లానో, మేసన్ వైపు ల్యాండ్ చూడ్డానికి వెళ్ళొచ్చాం, మూడు చూస్తే మూడూ మూడు రకాలు

మేం ఉండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. వీకెండ్ వెళ్ళి గడపడానికి కాస్త ల్యాండ్ కొందామని రెండేళ్ళుగా లిస్టింగులు చూస్తూనే ఉన్నా, ఏ యాడ్ తెరిచినా ఒకటే పాట, "హంటింగ్, ఫార్మింగ్, రిక్రియేషన్ మూడింటికీ బ్రహ్మాండంగా సరిపోతుంది" అని. మొన్న అక్టోబర్ చివర్లో మామగారు ఇక్కడే ఉన్నారు కదా అని ఆయన్నీ ఎక్కించుకుని మూడు చోట్లు తిరిగొచ్చాం. నాకు అర్థమైంది ఏంటంటే ఒక్కో ల్యాండూ ఆ మూడింట్లో ఒకదానికే పనికొస్తుంది, మిగతా రెండూ ఫోటోల వరకే.

మొదటిది సాన్ సాబా దగ్గర, కొలరాడో నది పక్కన. ఫ్రిస్కో నుంచి పొద్దున్నే బయల్దేరితే లంచ్ టైంకి చేరాం. పెకాన్ తోటలకి పేరున్న ఊరు అది, మంచి ఒండ్రు నేల, పెద్ద పెద్ద పెకాన్ చెట్లు, నేనైతే అక్కడే ఫ్లాట్. మామగారు మాత్రం చెట్టు మొదట్లో నిలబడి పైకి చూపించారు. కొమ్మల్లో ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచి ముక్క, ఒక ఫెన్సింగ్ తీగ చుట్టుకుని ఉన్నాయి, నా తలకన్నా రెండు మూర్ల ఎత్తులో. "అబ్బాయ్, ఏరు ఇక్కడిదాకా వచ్చింది" అన్నారు. ఏజెంట్‌ని అడిగితే ఎప్పుడో పాతది అన్నాడు, కార్లోకి వచ్చి ఫెమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) ఫ్లడ్ మ్యాప్ తెరిస్తే సగం పైన ఫ్లడ్‌ప్లెయిన్‌లోనే, అంటే వరదకి మునిగే చోటే ఉంది. 2018 అక్టోబర్‌లో లానో నది పొంగి కింగ్స్‌లాండ్‌లో ఏకంగా బ్రిడ్జే కొట్టుకుపోయింది, 2025 జులై 4న గ్వాడలూప్ నది వరద సంగతి అందరికీ తెలిసిందే. పంటకి ఓకే, పిల్లల్తో రాత్రి పడుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆ రాత్రి లానో బయట ఒక హంటింగ్ కేబిన్ బుక్ చేశాం. ఫోటోలో ఉన్న వరండా నిజమే, మిగతాది అబద్ధం. ట్యాప్ తిప్పితే కుళ్ళిన గుడ్ల వాసన, వేడినీళ్ళు ఒక్కరి స్నానానికే, ఫోన్ సిగ్నల్ కావాలంటే గేటు దాకా నడవాలి. మర్నాడు ఊళ్ళో మామూలు మోటెల్‌కి మారిపోయాం, అదే నయం. తిండికి మాత్రం ఢోకా లేదు, కూపర్స్ అనే బార్బెక్యూ హోటల్లో బయట పిట్ దగ్గరే నిలబడి మనకి కావాల్సిన ముక్క చూపిస్తే కోసి తూకం వేస్తారు, మామగారు సాసేజ్‌కి ఆవకాయ ఉంటే బాగుండేది అన్నారు, నిజంగానే బాగుండేది.

రెండోది లానోలో 40 ఎకరాలు. గులాబీ రంగు గ్రానైట్ బండలు, అచ్చం హైదరాబాద్ శివార్లలో గుట్టల్లా. చూట్టానికి పిచ్చెక్కించే అందం, కానీ ఓక్ చెట్లలో సగం ఎండిపోయి ఉన్నాయి, ఓక్ విల్ట్ తెగులట. సాయంత్రం బ్లైండ్‌లో (వేటకి దాక్కునే గూడు) కూర్చోబెట్టాడు బ్రోకర్. టైమర్ పెట్టిన ఫీడర్ గిర్రున తిరిగి మొక్కజొన్నలు చిమ్మింది, ఐదు నిమిషాల్లో పదకొండు జింకలు. మామగారు గుసగుసగా "అన్నం పెట్టి చంపుతారా, ఇదేం వేట" అన్నారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింకని కొడితే జైలే కదా, ఇక్కడ లానో కౌంటీ తనని తాను డీర్ క్యాపిటల్ అని చెప్పుకుంటుంది.

దిగి వస్తుంటే దారి పక్కన నేలంతా దున్నినట్టు ఉంది. ఎవరో ట్రాక్టర్ తిప్పారనుకున్నా నేను. మామగారు వంగి చూసి "పందులు కుళ్ళగించాయి, మా శనక్కాయ చేలో ఇట్టాగే చేసేవి" అన్నారు. మార్కాపురం దగ్గర నల్లమల అంచు వాళ్ళది, ఆయనకి చెప్పాలా. ఇక్కడ ప్రైవేట్ ల్యాండ్‌లో ఓనర్ పర్మిషన్ ఉంటే అడవిపందికి 2019 నుంచి లైసెన్స్ కూడా అక్కర్లేదు. జింకకైతే కావాలి, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్స్ కూడా చేయాలి. హెచ్-1బి వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లేకుండా తుపాకీ పట్టుకుంటే ఫెడరల్ గొడవ.

ఈ ల్యాండ్‌ని ఎందుకు వదిలేశామంటే నీళ్ళు. టెక్సస్ వాటర్ డెవలప్‌మెంట్ బోర్డ్ సైట్‌లో బోరు వేసినవాళ్ళు ఇచ్చిన రిపోర్టులు ఫ్రీగా చూడొచ్చు, చుట్టుపక్కల బోర్లన్నీ నిమిషానికి మూడు నాలుగు గ్యాలన్లే. గ్రానైట్‌లో పగులు తగిలితే నీళ్ళు, లేకపోతే దుమ్ము. పైగా దారి ఈజ్‌మెంట్ మీద, అంటే పక్కవాళ్ళ నేల మీదుగా వెళ్ళే హక్కు మీద, ఐదు గేట్లు, ప్రతి గేటుకీ దిగి తీసి మళ్ళీ వేయాలి, మా ఆవిడ మూడో గేటుకే డిసైడ్ అయిపోయింది.

మూడోది మేసన్‌లో, 31 ఎకరాలు, యాడ్‌లో ఫోటోలు దరిద్రంగా ఉన్నాయి కాబట్టి దాదాపు స్కిప్ చేశాం. ఎర్ర గరప నేల. ఆ చుట్టుపక్కల హికరీ అక్విఫర్ (భూగర్భ జలాల పొర) నీళ్ళతో శనక్కాయ పండించిన చరిత్ర ఉంది అనగానే మామగారి మొహం వెలిగిపోయింది, ఒక్కో ఎకరం నడిచి వచ్చారు. బోరు బాగానే పోస్తోంది. కాకపోతే హికరీ నీళ్ళలో కొన్నిచోట్ల సహజంగా రేడియం అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది, కాబట్టి తాగాలంటే టెస్ట్ తప్పనిసరి. మినరల్ రైట్స్ (నేల కింది ఖనిజాల హక్కులు) మనకి రావు, అవి ఎప్పుడో అమ్ముకున్నారు, కొనేది పైనేల మాత్రమే. అగ్ వాల్యుయేషన్, అంటే వ్యవసాయ భూమిగా లెక్కగట్టి వేసే తక్కువ పన్ను, మేకల మీద నడుస్తోంది. మేం అది ఆపేసి వాడకం మార్చేస్తే మూడేళ్ళ రోల్‌బ్యాక్ ట్యాక్స్ (అన్నాళ్ళూ తగ్గిన పన్ను తిరిగి కట్టడం) పడుతుంది. మేకలు మావల్ల కాకపోతే వైల్డ్‌లైఫ్ వాల్యుయేషన్‌కి మారొచ్చు, చెప్పిన ఏడు పనుల్లో మూడు చేయాలి, పక్షులకి గూళ్ళు, నీటి తొట్లు, జంతువుల లెక్క, అలాంటివి.

సర్వీసుల సంగతి. ఏజెంట్‌తో తిరిగేముందు అగ్రిమెంట్ సంతకం పెట్టమనొచ్చు, కమిషన్ ఎంతో అందులో చదివి పెట్టండి. మేసన్ ఏజెంట్ బండి ఎక్కించి మూల రాళ్ళు నాలుగూ చూపించాడు, ముందు ఇద్దరూ గేటు దగ్గరే చేత్తో చూపించి వదిలేశారు. మనవాళ్ళలో కొత్త చట్టం గురించి కంగారు ఉంది, కొన్ని దేశాల వాళ్ళు టెక్సస్‌లో భూమి కొనకుండా ఆపేది, 2025 సెప్టెంబర్ 1 నుంచి వచ్చిన ఆ ఎస్‌బీ 17 లిస్టులో చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా ఉన్నాయి, ఇండియా లేదు.

మేసన్‌దానికి ఆప్షన్ ఫీ కట్టేశాం, వద్దనుకుంటే వెనక్కి తగ్గడానికి పది రోజులు. వాటర్ శాంపిల్ ల్యాబ్‌కి పోయింది, సర్వేయర్ గురువారం వస్తానన్నాడు. మామగారికి రిటర్న్ టికెట్ ఆ మర్నాడే, ఫ్లైట్ ఎక్కేలోపు రేడియం ఎంతో చెప్పమని రోజుకి రెండుసార్లు అడుగుతున్నారు.