ఫారం ఉన్న డీఎల్ఎల్‌కు లాజరస్: కొన్ని సీజన్లు వాడాక

విండోస్‌లో పాత ప్రోగ్రాం ఒకటి నడుస్తూ ఉంటుంది. దాన్ని కదిలించకుండా, కొత్త ఫారం ఒకటి డీఎల్ఎల్‌గా, అంటే వేరే ప్రోగ్రాం పిలిచి వాడుకునే కోడ్ ఫైలుగా, తగిలించాలి. ఈ పనికి పాస్కల్ భాషలో ప్రోగ్రాంలు రాసే సాధనం లాజరస్ పనికొస్తుందా? పనికొస్తుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న అడ్తి దుకాణాల్లో, వరంగల్ బయటి వేబ్రిడ్జిల మీద పత్తి సీజన్లూ మిర్చి సీజన్లూ నడిపించాక ధైర్యంగా చెబుతున్న మాట ఇది. క్రాష్‌లు మాత్రం వస్తాయి. మా అనుభవంలో అవి ఫారంలో పుట్టడం తక్కువ, పాత ప్రోగ్రాం మన డీఎల్ఎల్‌ను పిలిచే చోట పుట్టడం ఎక్కువ. ఆ చోటును చూపించడంలో లాజరస్ ఎంతవరకు సాయపడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రాస్తున్నాను.

మా హోస్ట్ ప్రోగ్రాం, అంటే డీఎల్ఎల్‌ను పిలిచే ఆ పాత ప్రోగ్రాం, విజువల్ బేసిక్ 6లో రాసింది. ఆ వెర్షన్ 1998లో వచ్చింది, కోడ్ రాసుకునే దాని ఐడీఈకి మైక్రోసాఫ్ట్ 2008లోనే మద్దతు ఆపేసింది. అయినా యజమానులు దాన్ని వదలరు. వాళ్ల బాధ న్యాయమైనదే. ఏళ్ల తరబడి లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ మార్చి అది మొరాయిస్తే లారీలు రోడ్డు దాకా ఆగిపోతాయి. సోర్సు కోడ్ చేతిలో ఉంది కాబట్టి అందులో కొన్ని లైన్లు మాత్రం మార్చి, కొత్త పనంతా డీఎల్ఎల్‌లో పెట్టాం. సీరియల్ పోర్టు నుంచి తూకం చదవడం, రైతు పేరు, ఊరు, బస్తాల లెక్క, చివర్లో తెలుగులో తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే చీటీ, ప్రింటు. ఫారం మొత్తం ఇంతే.

లాజరస్ ఉచితం. దాని కింద ఉన్న ఫ్రీ పాస్కల్ కంపైలర్ పని 1993లో మొదలైంది, లాజరస్ 1999లో మొదలై 2012లో 1.0 వెర్షన్‌కు చేరింది. దాని లైబ్రరీ లైసెన్సులో మినహాయింపు ఉండటం వల్ల మన సోర్సు బయటపెట్టకుండానే అమ్ముకోవచ్చు. చిన్న ఊళ్లలో సొంతంగా సాఫ్ట్‌వేర్ చేసుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మొదట్లో వచ్చే ఇబ్బందులు త్వరగానే తీరతాయి. విజువల్ బేసిక్ 6 ప్రోగ్రాం 32 బిట్లది, కాబట్టి డీఎల్ఎల్ కూడా 32 బిట్లదే కావాలి. 64 బిట్లది పెడితే 'ఎర్రర్ ఇన్ లోడింగ్ డీఎల్ఎల్' అని 48వ నంబరు ఎర్రర్ వస్తుంది. ఫంక్షన్ పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా పడితే 453. బేసిక్ ఐడీఈ మనం రాసిన పేర్ల అక్షరాలను తనంతట తానే మార్చేస్తుంది, అందుకని ఆ ఫంక్షన్‌ను బేసిక్‌కు పరిచయం చేసే డిక్లేర్ లైన్లో ఎలియాస్ పెట్టి అసలు పేరును కోట్స్‌లో రాయాలి. ఎగుమతి చేసే, అంటే హోస్ట్ పిలవడానికి బయటపెట్టే, ఫంక్షన్లన్నిటికీ ఎస్‌టీడీకాల్ అనే పిలుపు పద్ధతి ఉండాలి. లేకపోతే బేసిక్ ఐడీఈలో 49 వస్తుంది. ఈ నంబర్లు వస్తే సంతోషించాలి, ఎందుకంటే ఇవి తప్పు ఎక్కడుందో నేరుగా చెబుతాయి.

ఫారం తెరవడానికి ముందు పాస్కల్ కోడ్‌లోని యూజెస్ జాబితాలో ఇంటర్‌ఫేసెస్ యూనిట్ ఉండాలి, అప్లికేషన్ ఇనిషియలైజ్ జరగాలి. డీఎల్ఎల్‌కు తనదంటూ వేరే అప్లికేషన్ ఆబ్జెక్టు, వేరే మెమరీ మేనేజర్ ఉంటాయి. హోస్ట్‌వి దానికి తెలియవు. ఈ పనిని లైబ్రరీ లోడ్ అయ్యేటప్పుడు నడిచే భాగంలో పెట్టకండి. డీఎల్ఎల్ లోడ్ అవుతున్నంతసేపు విండోస్ ఒక లాక్ పట్టుకుని ఉంటుంది. ఆ సమయంలో థ్రెడ్ (పక్కన సమాంతరంగా నడిచే పని) మొదలుపెట్టి దానికోసం ఆగితే రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. 'ప్రారంభం' అని ఒక ఫంక్షన్, 'ముగింపు' అని ఒక ఫంక్షన్ విడిగా ఎగుమతి చేసి, హోస్ట్‌తో వాటిని పిలిపించడమే సరైన దారి.

తెలుగు పేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బేసిక్ లోపల స్ట్రింగులు యూనికోడ్‌లోనే ఉంటాయి. కానీ డిక్లేర్ ద్వారా డీఎల్ఎల్‌కు పంపేటప్పుడు వాటిని ఆన్సీ అనే పాత అక్షర పద్ధతికి మారుస్తుంది. తెలుగుకు ఆన్సీ కోడ్ పేజీ అంటూ లేదు. ఫలితంగా రైతు పేరున్న చోట వరసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. తన పేరు లేని చీటీని రైతు చేతిలో పెట్టడం నాకు అసలు నచ్చని పని. దీనికి మందు స్ట్రింగును కాకుండా స్ట్ర్‌పీటీఆర్‌తో మెమరీలో దాని చిరునామాను పంపడం. డీఎల్ఎల్ వైపు దాన్ని పీవైడ్‌చార్‌గా తీసుకుని, లాజరస్ ఫారంలకు కావాల్సిన యూటీఎఫ్-8లోకి మార్చుకోవాలి. పాస్కల్ స్ట్రింగులను మాత్రం డీఎల్ఎల్‌కూ హోస్ట్‌కూ మధ్య ఉన్న గీత దాటనివ్వకండి. ఒక మెమరీ మేనేజర్ ఇచ్చిన చోటును ఇంకొకటి విడుదల చేయబోతే అక్కడే పడిపోతుంది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన క్రాష్. బస్తాల లెక్క ఎక్కించి ఫారం మూస్తే అంతా బాగానే ఉండేది. తర్వాత ఎప్పుడో, ప్రింటు కొట్టేటప్పుడో రిపోర్టు తెరిచేటప్పుడో ప్రోగ్రాం మాయమయ్యేది. అన్ని కంప్యూటర్లలో కాదు, అన్నిసార్లూ కాదు. ఈవెంట్ వ్యూయర్‌లో 1000 నంబరు ఎంట్రీ చూస్తే తప్పు జరిగిన మాడ్యూల్‌గా బేసిక్ రన్‌టైమ్ ఎంఎస్‌వీబీవీఎం60 పేరు ఉండేది. మన డీఎల్ఎల్ పేరే లేదు. అది చూసి చాలామంది హోస్ట్‌దే తప్పని వదిలేస్తారు.

ఫంక్షన్ డిక్లరేషన్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టు బయటపడింది. బేసిక్‌లో ఇంటీజర్ అంటే 16 బిట్లు. లాజరస్ మామూలుగా వాడే ఆబ్జెక్ట్ పాస్కల్ మోడ్‌లో అదే పేరుకు 32 బిట్లు. బేసిక్ ఏమీ చెప్పకపోతే విలువకు బదులు చిరునామాను పంపుతుంది. కాబట్టి డీఎల్ఎల్ ఆ రెండు బైట్ల చోట నాలుగు బైట్లు రాసింది. అదనంగా పడిన రెండు బైట్లు పక్కింటి గోడ మీద రాసిన రాతల్లాంటివి. ఆ ఇంటివాళ్లు చూసుకున్నప్పుడే గొడవ మొదలవుతుంది. పక్కన అంతగా అవసరం లేని విలువ ఉంటే ఏమీ కాదు, పాయింటర్ (మెమరీ చిరునామా) ఉంటే యాక్సెస్ వయొలేషన్ వచ్చి ప్రోగ్రాం పడిపోతుంది.

ఇక్కడ లాజరస్ డీబగ్గర్ నిజంగా అక్కరకొచ్చింది. రన్ పారామీటర్లలో హోస్ట్ అప్లికేషన్ అనే గడి ఉంటుంది. అక్కడ బేసిక్ ప్రోగ్రాం ఎగ్జిక్యూటబుల్ ఇస్తే లాజరస్ దాన్ని నడిపిస్తుంది, మన డీఎల్ఎల్ లోడ్ కాగానే, కోరిన లైను దగ్గర ఆపే బ్రేక్‌పాయింట్లు పని చేస్తాయి. ఫంక్షన్ మొదట్లో ఆగి, వచ్చిన చిరునామాకు రెండు బైట్ల తర్వాత, అక్కడి విలువ మారగానే ఆపే వాచ్‌పాయింట్ పెడితే, ఆ చోటును చెరిపిన లైను దగ్గరే ఆగింది. అనుమానం అక్కడితో తీరిపోయింది. బేసిక్ వైపు లాంగ్‌కు మార్చాం. పాస్కల్ వైపు స్మాల్‌ఇంట్ పెట్టినా క్రాష్ పోయేదే. కానీ 16 బిట్లలో 32,767 దాటి పట్టదు, లోడుతో వచ్చే పెద్ద లారీ కిలోల్లో ఆ అంకె దాటుతుంది.

రెండో రకం క్రాష్ టైమర్ వల్ల. హోస్ట్‌లో ఒక టైమర్ తూకం స్థిరపడిందా అని చూస్తూ, స్థిరపడగానే ఫారం తెరవమని డీఎల్ఎల్‌ను పిలిచేది. ఫారం మోడల్‌గా (అది మూసేదాకా మిగతా విండోలను ముట్టుకోనివ్వని పద్ధతిలో) తెరిచి ఉన్నా, దాని మెసేజ్ లూప్ ఆ థ్రెడ్‌లోని మెసేజ్‌లన్నిటినీ పంచుతూనే ఉంటుంది. హోస్ట్ టైమర్‌వి కూడా. దాంతో మొదటి ఫారం మూయకముందే రెండోది తెరుచుకునేది, ఒకటి మూస్తే ఇంకోదాని ఆబ్జెక్టు పోయేది. డీఎల్ఎల్‌లో 'ఇప్పటికే తెరిచి ఉంది' అన్న జెండా ఒకటి పెట్టి, రెండో పిలుపును వెంటనే వెనక్కి పంపిస్తే సరిపోయింది. ఎగుమతి చేసే ప్రతి ఫంక్షన్ చుట్టూ ఎర్రర్లను పట్టుకునే ట్రై-ఎక్సెప్ట్ కూడా తప్పనిసరి. పాస్కల్ ఎక్సెప్షన్ బేసిక్‌కు అర్థం కాదు, గీత దాటిందంటే ప్రోగ్రాం పడిపోయినట్టే. ఎర్రర్ నంబరు తిరిగి ఇవ్వండి, సందేశం కావాలంటే ఇంకో ఫంక్షన్‌తో అడిగించండి.

మూడోది మూసేటప్పుడు వచ్చేది. ఒక కాంటా ఆపరేటర్ ఫోన్ చేసి, "అన్నా, బంద్ చేసి మళ్ల తెరిస్తే పోర్టు దొరుకుతలేదంటున్నది. బండ్లు లైన్ల ఉన్నయి, జెల్ది చూడు" అన్నాడు. టాస్క్ మేనేజర్ తెరిపించి చూస్తే పాత ప్రోగ్రాం కనిపించకుండా బతికే ఉంది, సీరియల్ పోర్టును పట్టుకుని ఉంది. దిగిపోయేటప్పుడు నడిచే ఫైనలైజేషన్ భాగంలో డీఎల్ఎల్ తన థ్రెడ్ కోసం ఆగుతోంది, ఆ థ్రెడ్ సింక్రనైజ్‌లో మెయిన్ థ్రెడ్ కోసం ఆగుతోంది. డీఎల్ఎల్‌లో మెసేజ్ లూప్ మన చేతిలో ఉండదు, అందుకే సింక్రనైజ్‌ను పూర్తిగా తీసేశాను. థ్రెడ్ ఇప్పుడు జవాబు కోసం ఆగని పోస్ట్‌మెసేజ్‌తో తూకం పంపి తన పని చూసుకుంటుంది. పోర్టు మూయడం, థ్రెడ్ ఆపడం ఆ 'ముగింపు' ఫంక్షన్‌లోనే జరుగుతాయి. హోస్ట్ ప్రధాన ఫారం అన్‌లోడ్ అవుతున్నప్పుడు దాన్ని పిలుస్తుంది.

పనిముట్ల గురించి. లాజరస్‌తో వచ్చే, మెమరీ తప్పులు పట్టే హీప్‌ట్రేస్ బాగుంటుంది, కానీ డీఎల్ఎల్‌కు కన్సోల్ ఉండదు కాబట్టి దాని అవుట్‌పుట్‌ను ఫైలుకు మళ్లించాలి. కీప్‌రిలీజ్డ్ ఆన్ చేస్తే విడుదలైన మెమరీని మళ్లీ వాడే చోట్లు దొరుకుతాయి. ప్రోగ్రాం బాగా నెమ్మదిస్తుంది, కస్టమర్ దగ్గర పెట్టకండి. కస్టమర్ దగ్గర కావాల్సింది విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్‌లోని లోకల్‌డంప్స్ రిజిస్ట్రీ సెట్టింగ్. అది పెట్టి వదిలేస్తే క్రాష్ అయిన ప్రతిసారి, ఆ క్షణంలో ప్రోగ్రాం స్థితి ఉన్న డంప్ ఫైలు దానంతట అదే పడుతుంది. నర్సంపేట వెళ్లి గంటలకొద్దీ ఎదురుచూసే పని తప్పుతుంది, ఆపరేటర్ ఆ ఫైలు పంపిస్తే చాలు.

ఆ డంప్‌ను చదవడం దగ్గరే లాజరస్ వెనకబడింది. డంప్‌లు చదివే మైక్రోసాఫ్ట్ సాధనం విన్‌డీబీజీకి బాగా అర్థమయ్యే డీబగ్ సమాచారం పీడీబీ ఫైలు. ఫ్రీ పాస్కల్ ఇచ్చేది డ్వార్ఫ్ లాంటి వేరే రకం సమాచారం. అందుకని విడుదల చేసే ప్రతి బిల్డ్‌తో పాటు లింకర్ మ్యాప్ ఫైలు దాచుకుంటాను. క్రాష్ ఆఫ్‌సెట్‌ను అందులో వెతికితే కనీసం ఏ ప్రొసీజరో తెలుస్తుంది. లైను దాకా నేరుగా వెళ్లలేకపోవడం లోటే, దీనికి మార్కులు తగ్గిస్తాను. ఈవెంట్ వ్యూయర్‌లో మాడ్యూల్ పేరు చివర 'అన్‌లోడెడ్' అని ఉంటే మాత్రం డంప్ కోసం చూడక్కర్లేదు. డీఎల్ఎల్ దిగిపోయాక దాని టైమరో థ్రెడ్డో ఇంకా నడుస్తోందని అర్థం.

చిన్న చిరాకులు కూడా ఉన్నాయి. మోడల్ కాని ఫారంలో ట్యాబ్ కీ సరిగ్గా పని చేయదు, ఎందుకంటే హోస్ట్ లూప్‌కు మన ఫారం సంగతి తెలియదు. అందుకే అన్నీ మోడల్‌గానే తెరుస్తాను. ఫారం హోస్ట్ విండో వెనక్కి పోకుండా, హోస్ట్ హ్యాండిల్ తీసుకుని క్రియేట్‌పారామ్స్‌లో దాన్ని ఓనర్‌గా పెట్టాలి. బేసిక్ ఐడీఈ ఒకసారి లోడ్ చేసిన డీఎల్ఎల్‌ను అది మూసేదాకా వదలదు, దాంతో లాజరస్ కొత్త బిల్డ్ రాయలేక ఎర్రర్ ఇస్తుంది.

హోస్ట్ సోర్సు చేతిలో ఉండి, ఒకటి రెండు ఫారంలు తగిలించే పనైతే లాజరస్‌ను కళ్లు మూసుకుని సిఫారసు చేస్తాను. హోస్ట్‌లో ఒక్క లైను కూడా మార్చే వీలు లేకపోతే డీఎల్ఎల్ జోలికి వెళ్లకండి. అదే లాజరస్‌తో విడి ఎగ్జిక్యూటబుల్ చేసి, మధ్యలో ఒక ఫైలు ద్వారానో పైప్ ద్వారానో సమాచారం మార్చుకోండి. అది పడిపోయినా కాంటా ఆగదు. జమ్మికుంటలో ఒక జిన్నింగ్ మిల్లుకు ఇప్పుడు అలాగే చేస్తున్నాను.