సంక్రాంతి సెలవుల్లో శ్రీకాకుళంలో ఆపరేషన్ పడితే

సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చేవాళ్ల ప్లాను దాదాపు ఒకటే: అరసవల్లి, శ్రీకూర్మం, వీలుంటే శ్రీముఖలింగం, కనుమ సాయంత్రం కళింగపట్నం బీచి. ఆసుపత్రి ఎవరి ప్లానులోనూ ఉండదు. అందుకే కనుమ రాత్రి ఎవరికైనా కడుపునొప్పి వస్తే అరిసెల మీదా, పొంగడాల మీదా, మాంసం మీదా నెట్టేసి, గ్యాస్ మాత్ర వేసి పడుకోబెడతారు. అపెండిక్స్ (పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న తోకకు వచ్చే వాపు) ముదిరేది అక్కడే.

గ్యాస్ నొప్పి వస్తూ పోతూ ఉంటుంది. ‘24 గంటల కడుపునొప్పి’ అని మనవాళ్లనే ఈ అపెండిక్స్ నొప్పి మాత్రం చాలామందిలో బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగి అక్కడే తిష్ఠ వేస్తుంది. ముందు నొప్పి, ఆ తర్వాత వాంతి, ఆకలి చచ్చిపోవడం, కొద్దిపాటి జ్వరం. దగ్గినా, స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరినా కుడిపక్క పొడిచినట్టుంటే ఇక ఇంట్లో ఉంచకూడదు. విరేచనాల మందు వేయొద్దు, వేడినీళ్ల సంచి పెట్టొద్దు. తిండి ఆపేయాలి, ఎందుకంటే మామూలుగా మత్తు ఇవ్వాలంటే అన్నం, టిఫిన్ తిని 6 గంటలు, మంచినీళ్లు తాగి 2 గంటలు గడవాలి. పక్కనున్న పెద్దమ్మ “కాస్త మజ్జిగైనా తాగమ్మా” అంటే ఆపరేషన్ టైము మళ్లీ మొదటికొస్తుంది. ఇంకొకటి: విపరీతంగా ఉన్న నొప్పి ఒక్కసారిగా తగ్గితే సంతోషించొద్దు. అపెండిక్స్ పగిలినప్పుడు కాసేపు అలాగే హాయిగా ఉండి, తర్వాత కడుపంతా గట్టిపడుతుంది.

ఎక్కడికి తీసుకెళ్లాలన్నదానికి పేరున్న ఆసుపత్రి ఏదని వెతకడం పండగపూట పనికిరాదు. ఈ రాత్రి అక్కడ ఎవరున్నారన్నదే లెక్క. చిన్న ప్రైవేటు నర్సింగ్ హోముకు ఫోన్ చేసి “డాక్టరుగారున్నారా?” అంటే “ఉన్నారండి, తీసుకొచ్చేయండి” అంటారు. అడగాల్సింది అది కాదు. సర్జనుగారు ఊళ్లో ఉన్నారా, మత్తు డాక్టరు ఎన్నింటికి వస్తారు, స్కానింగు ఇప్పుడు తీస్తారా, ల్యాబ్ తెరిచే ఉందా — ఈ నాలుగూ విడివిడిగా అడగండి. ఒకే మత్తు డాక్టరు నాలుగైదు నర్సింగ్ హోములకు తిరగడం జిల్లా కేంద్రాల్లో మామూలే. పండగకు ఆయన సొంతూరు వెళ్లారంటే సర్జను ఉన్నా చేసేదేం లేదు.

అందుకే ఆ మూడు రోజుల్లో మెడికల్ కాలేజీ ఉన్న ఆసుపత్రే మేలని మా అభిప్రాయం. బలగలో అందరూ రిమ్స్ అనే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, ఊరి బయట రాగోలులో జెమ్స్ ఉంది. టీచింగ్ ఆసుపత్రిలో సెలవు రోజైనా డ్యూటీ డాక్టర్లు ఉంటారు. సౌకర్యం సంగతి వేరు: వార్డులో జనం, రోగి పక్కన ఒక్కరికే చోటు. ఏసీ గది కావాలంటే నర్సింగ్ హోమే. టెక్కలి వైపు ఊళ్లలో ఉంటే శ్రీకాకుళం దాకా రాకుండా అక్కడి జిల్లా ఆసుపత్రిలో ముందు చూపించొచ్చు.

విశాఖ వెళ్లాలా? దూరం సుమారు 110 కిలోమీటర్లు, మామూలు రోజున రెండు, రెండున్నర గంటలు. తిరుగు ప్రయాణాల రద్దీలో ఎంతన్నది చెప్పలేం. మామూలు అపెండిక్సుకు అంత దూరం అక్కర్లేదు. గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లకీ, పగిలి చీము కడుపంతా పాకి ఐసీయూ అవసరమయ్యేలా ఉన్నవాళ్లకీ వెళ్లడమే మంచిది. అప్పుడూ ఇక్కడ సెలైను, యాంటీబయాటిక్ మొదలుపెట్టించి, రిఫరల్ చీటీ చేతిలో పెట్టుకుని అంబులెన్సులో వెళ్లాలి, సొంత కారులో కాదు. 108 ఉచితం, కానీ సాధారణంగా దగ్గరి ఆసుపత్రికే తీసుకెళ్తుంది.

డబ్బు విషయంలో తిప్పలు క్యాజువాలిటీ చీటీ దగ్గరే మొదలవుతాయి. కంగారులో ఇంట్లో పిలిచే పేరు చెప్తారు: చీటీ మీద ‘రాము’, ఆధార్ మీద ‘అప్పల రామారావు’. డిశ్చార్జి రోజు ఇన్సూరెన్సువాళ్లు పట్టుకునేది సరిగ్గా దాన్నే. చేరిన గంటలోనే దిద్దించండి. ఇన్సూరెన్సు కంపెనీ నెట్‌వర్కులో లేని ఆసుపత్రైనా క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా కట్టడం) అడగొచ్చు, అయితే అత్యవసరంగా చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలి, ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. డిశ్చార్జికి కంపెనీ అనుమతి 3 గంటల్లో రావాలన్నది 2024 నుంచి ఉన్న నిబంధన. గ్లవ్స్ లాంటి చిల్లర ఖర్చులు పాలసీని బట్టి చేతి నుంచే పడొచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆ పథకం డెస్కు దగ్గర, ఈ ఆపరేషన్ ఈ ఆసుపత్రిలో పథకం కింద అవుతుందో లేదో చేరకముందే తేల్చుకోండి.

తోడున్నవాళ్లకు లాడ్జీలు ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల దొరుకుతాయి. రథసప్తమి ముందుగా, జనవరిలోనే పడిన ఏడాది అరసవల్లి భక్తులతో గది దొరకడం కష్టం. భోగి నుంచి కనుమ దాకా మెస్సులు చాలావరకు మూసే ఉంటాయి. ఫ్లాస్కు, బ్రెడ్డు, అరటిపళ్లు దగ్గర పెట్టుకోండి.

ల్యాప్రోస్కోపీ అయితే మూడు చిన్న రంధ్రాలు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. కోసి చేస్తే ఇంకాస్త ఎక్కువ. పగిలితే వారం దాకా పట్టొచ్చు. హైదరాబాదు తిరిగి వెళ్లేవాళ్లు రైలే చూసుకోండి, బస్సు కుదుపులు కుట్లకు పడవు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊరికి పది కిలోమీటర్ల పైనే. అక్కడిదాకా ఆటో కాకుండా కారు మాట్లాడుకోండి. కింది బెర్తు లేకపోతే ప్రయాణం వాయిదా వేయడమే నయం. విమానమైతే ల్యాప్రోస్కోపీ అయ్యాక నాలుగైదు రోజులు ఆగి, సర్జనును అడిగి ఎక్కండి. కుట్లు మీ ఊళ్లోనే తీయించుకోవచ్చు, డిశ్చార్జి సమ్మరీలో ఏం చేశారో, ఏ కుట్లు వేశారో రాసి ఉంటే చాలు.

చాలామంది వదిలేసేది బయాప్సీ రిపోర్టు. తీసిన అపెండిక్సును పరీక్షకు పంపుతారు, ఫలితం డిశ్చార్జి తర్వాత కొన్ని రోజులకు వస్తుంది. అరుదుగానే అయినా అందులో కణితి (ట్యూమర్) బయటపడుతుంది. ల్యాబ్ నంబరు తీసుకుని, వాట్సాప్‌లో ఎవరు పంపుతారో పేరుతో సహా రాయించుకుని బయల్దేరండి.