బ్యాంకాక్‌లో పాత 'బులెట్ నాణేలు' కొనేముందు ఇది చదవండి

బ్యాంకాక్ వెళ్తున్నవాళ్లు, ముఖ్యంగా పాత నాణేలంటే ఇష్టమున్నవాళ్లు దయచేసి జాగ్రత్త. బులెట్ నాణేలనే ఈ పాత వెండి ముద్దలు మూడింటికి 4,500 బాత్ ఇచ్చాను. మూడూ నకిలీవే.

వీటిని థాయ్ వాళ్లు ఫోట్ డువాంగ్ అంటారు. ముడుచుకున్న పురుగులా ఉంటాయని ఆ పేరు. చిన్న వెండి కడ్డీని సుత్తితో కొట్టి, రెండు కొసలూ లోపలికి వంచి, పైన ముద్రలు గుద్దేవారు. థాయ్‌లాండ్ పాత రాజ్యం సుఖోథాయ్ రాజుల కాలం నుంచి వందల ఏళ్లు చెల్లిన డబ్బు ఇది. 1855లో బ్రిటన్‌తో ఒప్పందమయ్యాక వ్యాపారం పెరిగి చేతిపని సరిపోలేదు. 1860లో మోంగ్‌కుట్ రాజు యంత్రంతో బిళ్ల నాణేలు వేయించాడు, 1904లో ఈ వెండి ముద్దలను పూర్తిగా రద్దు చేశారు.

పాత వస్తువుల కొట్టతను "సుఖోథాయ్‌వి, ఏడొందల ఏళ్ల నాటివి" అన్నాడు. రేగుపండంత ముద్ద, నల్లగా మాసి, చేతిలో బరువుగా ఉంది. శ్రావణ శుక్రవారం అమ్మ పూజలో పెడుతుందని మూడు తీసుకున్నాను. కార్డు వద్దు, నగదే ఇమ్మన్నాడు. రసీదులో 'సావనీర్' అని మాత్రమే రాశాడు. అక్కడే అనుమానించాల్సింది.

మర్నాడు నాణేల మ్యూజియంలో అసలువి చూశాక గుండె జారింది. నా వాటి మీద చక్రం, గరుడుడు ఉన్నాయి. చక్రం 1782లో మొదలైన థాయ్ రాజుల చక్రి వంశానిది, గరుడ ముద్ర ఆ వంశంలో రెండో రాముడు అనే రాజుది. ఆయన ఏలింది 1809 నుంచి 1824 వరకు. మరి ఏడొందల ఏళ్లు ఎక్కడివి? హోటల్‌కొచ్చి మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, గరుడుడి రెక్క కింద ఒకే గీత, మూడింటిలోనూ ఒకే చోట. చేత్తో కొట్టినవి అలా ఉండవు. ఒకే అచ్చులో పోసినవి. వెనక్కి తీసుకోమంటే రసీదు చూపించి "సావనీరేగా" అన్నాడు.

ఊరొచ్చాక మా కంసాలి గీటురాయి మీద రుద్దితే లోపల ఇత్తడి. ఆ కాలపు ఒక బాత్ వెండి ముద్ద దాదాపు 15 గ్రాములుండాలి, నాది 12.8. దారం కట్టి నీళ్లలో వేలాడదీసి తూస్తే గ్రామున్నర తగ్గింది. మంచి వెండి పదిన్నర గ్రాములకు గ్రాము చొప్పున తగ్గుతుంది, అంటే నా నాణేనికి 1.2 దాటకూడదు. ఈ పరీక్షకు నాణెం గీయాల్సిన పనిలేదు, చిన్న డిజిటల్ త్రాసు చాలు. కొనాలనుకునేవాళ్లు ఒకటి వెంట తీసుకెళ్లండి. తూయనివ్వనంటే వచ్చేయండి.

ఇంకో మాట. నిజంగా పాతదైతే దేశం దాటించడానికి అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి, 1961 నాటి చట్టం అది. "కాగితాలేమీ అక్కర్లేదు, జేబులో వేసుకెళ్లు" అని అమ్మేవాడు అన్నాడంటే అది నకిలీ అయినా అయ్యుండాలి, లేదా విమానాశ్రయంలో మిమ్మల్ని ఇరికించేదైనా అయ్యుండాలి. ముందు మ్యూజియం చూడండి, బజారుకు ఆ తర్వాతే వెళ్లండి. నేను ఆ వరస తిరగేశాను.

ఇప్పటికే కొన్నవాళ్లుంటే రెండు ముద్రల ఫొటోలు, బరువు కింద పెట్టండి. నా వాటితో పోల్చి చూస్తాను.