పన్నెండేళ్ళు దాటింది అనిమే చూడబట్టి: చేతిలో పని ఉన్న పాత్రలే నాకు మిగిలాయి

2013 వేసవిలో సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ అనే అనిమే, అంటే జపనీస్ యానిమేషన్ సిరీస్, 15వ ఎపిసోడ్ దగ్గర నేనూ తమ్ముడూ గట్టిగా గొడవపడ్డాం. తెనాలిలో మా ఇంటి ముందు గదిలో అమ్మ కుట్టుమిషన్ ఉండేది. లోపలి గదిలో మేమిద్దరం, తమ్ముడి స్నేహితుడు ఇచ్చిన హార్డ్ డిస్క్. మొదటి 14 ఎపిసోడ్లు చూసేసరికి అందులోని అసునా అనే అమ్మాయి అంటే నాకు ప్రాణమైపోయింది. పేరున్న దళానికి ఉపనాయకురాలు. సన్నటి కత్తి దూసిందంటే కంటికి ఆనదు. మనుషులు చిక్కుకుపోయిన వీడియో గేమ్‌లో, ఆటలో చస్తే నిజంగానే చచ్చిపోయే చోట ముందు వరుసలో నిలబడి పోరాడిన మనిషి. అలాంటిదాన్ని 15వ ఎపిసోడ్ నుంచి ఒక మహావృక్షం మీద బంగారు పంజరంలో కూర్చోబెట్టారు. ఇక హీరో కిరీటో ఎప్పుడొస్తాడా అని చూడటమే ఆమె వంతు.

"కాపాడాలి కదక్కా, లేకపోతే వాడు హీరో ఎట్లా అవుతాడు" అన్నాడు తమ్ముడు.

"తనను తాను కాపాడుకోగలదని ఇన్నాళ్ళూ చూపించి, ఇప్పుడు పంజరంలో పెడితే ఎట్లారా" అన్నాను.

వాడు మిగతాది చూశాడు. నేను లేచి వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టాను.

ఏడాది తర్వాత మిగిలిన ఎపిసోడ్లు నేనూ చూశాను. అందులో ఉన్న మంచి కూడా చెప్పాలి. పంజరం తలుపు అంకెలను అద్దంలో గమనించి, గుర్తుపెట్టుకుని, అసునా ఒకసారి బయటపడుతుంది. పట్టుబడినా ఒక కార్డు సంపాదించి కిరీటోకు అందేలా కిందికి జారవిడుస్తుంది. 2014లో వచ్చిన రెండో సీజన్ చివర యూకీ అనే అమ్మాయితో ఆమెకు సొంత కథే ఇచ్చారు, దాన్ని ఇప్పటికీ ఏడవకుండా చూడలేను. అయినా ఆ పంజరం బాధ నన్ను వదల్లేదు. ఆ తర్వాత వందకు పైగా సిరీస్‌లు చూశాను. ప్రతిదాన్లోనూ ఒకటే వెతుకుతున్నాను: ఈ మనిషికి తనదంటూ ఒక పని ఉందా? హీరో ఆ గదిలో లేనప్పుడు ఈమె ఏం చేస్తూ ఉంటుంది?

ఈ చూపు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది నాకు. ఇంటికి ఎవరొచ్చినా, ఏ కబురు తెచ్చినా, అమ్మ కాలు మిషన్ మీదే ఉండేది. బాధలో ఉన్నప్పుడు కుట్టు ఎలా పడుతుందో, సంతోషంలో ఎలా పడుతుందో నాకు తెలుసు. చేతులు చూస్తే మనిషి తెలుస్తుంది.

అందుకే ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్ నాకు అన్నిటికన్నా పైన ఉంది. 2009, 2010లలో బోన్స్ స్టూడియో తీసిన 64 ఎపిసోడ్లు. మొత్తం నాలుగుసార్లు చూశాను. దీనికి మూలమైన మాంగా (జపనీస్ కామిక్స్) గీసిన హిరోము అరకావా హొక్కైడోలో పాడి రైతుల ఇంట పుట్టి పెరిగిన మహిళ. ఆ సంగతి తెలియక ముందే ఈ కథ రాసినవాళ్ళకు పని అంటే ఏంటో తెలుసనిపించింది. విన్రీనే తీసుకోండి. హీరో ఎడ్వర్డ్‌కు ఇనుప చెయ్యి, ఇనుప కాలు బిగించే మెకానిక్ ఆమె. ఆ పని ఆమెకు అలంకారంగా తగిలించింది కాదు, కథను నడిపేది. మరమ్మతులో ఒక మర బిగించడం మరిచిపోతుంది, ఎడ్వర్డ్ చెయ్యి సరిగ్గా పోరాటం మధ్యలో మొరాయిస్తుంది. ఆ తప్పు తనదేనని చెప్పలేక నీళ్ళు నములుతుంది విన్రీ. ఎడ్వర్డ్ గడ్డకట్టే ఉత్తరాదికి వెళ్తే ఆ చలికి ఇనుము ఒంటిని కాటేస్తుంది కాబట్టి, చలికి తట్టుకునే కొత్త చెయ్యి బిగించడానికి ఆమే అక్కడికి రావాలి. ప్రేమకోసం రప్పించలేదు ఆమెను, పనికోసం రప్పించారు. ప్రేమ ఆ పనిలోనే కనిపిస్తుంది.

ఇక ప్రతీకారం కోసం తిరిగే స్కార్ దగ్గరి సన్నివేశం. (ఇంకా చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి.) విన్రీ అమ్మానాన్నలు డాక్టర్లు. యుద్ధంలో ఇష్వల్ ప్రజలకు వైద్యం చేస్తూ, తాము బతికించిన స్కార్ చేతిలోనే చచ్చిపోయారు. ఆ నిజం విని విన్రీ తుపాకీ ఎత్తుతుంది, కాల్చలేకపోతుంది. అవి చంపే చేతులు కావనీ, బతికించే చేతులనీ ఎడ్వర్డ్ చెబుతాడు. ఇక్కడితో ఆపేసి ఉంటే నాకు నచ్చేది కాదు, ఆడపిల్ల కదా చంపలేకపోయింది అన్నట్టు మిగిలిపోయేది. చాలా ఎపిసోడ్ల తర్వాత గాయపడిన స్కార్ మళ్ళీ ఎదురుపడితే అతని చేతికి విన్రీయే కట్టు కడుతుంది. అమ్మానాన్నలు ఉంటే ఇదే చేసేవాళ్ళని. అతన్ని క్షమించానని మాత్రం అనదు. కోపం కోపంగానే ఉంటుంది, చేతులు తమ పని చేస్తాయి. అంత నిజాయితీగా రాసిన సన్నివేశం నేను ఏ భాషలోనూ ఎక్కువ చూడలేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. అదే కథతో 2003లో 51 ఎపిసోడ్ల సిరీస్ అప్పటికే వచ్చి ఉండటంతో, బ్రదర్‌హుడ్ మొదట్లో పరుగులు పెడుతుంది. నీనా అనే చిన్నపిల్ల సంగతి 4వ ఎపిసోడ్‌కే అయిపోతుంది, ఎడ్వర్డ్‌కు ఆప్తుడైన సైనికాధికారి హ్యూస్ 10వ ఎపిసోడ్‌కే పోతాడు. హ్యూస్‌తో మనకు చనువు కలిసే వ్యవధి ఇవ్వలేదు. 2003 సిరీస్ ఆ వ్యవధి ఇచ్చింది, అందుకే అక్కడ ఆ చావు ఎక్కువ కోస్తుంది. ఇంకోటి, గుండె బరువెక్కే చోట హఠాత్తుగా బొమ్మల్ని చిన్నపిల్లల్లా మార్చి నవ్వించబోతారు. ఎడ్వర్డ్ పొట్టితనం మీద ఆ అరుపులు ముప్పయ్యోసారి నాకు విసుగే.

నరుతో విషయంలో నాకున్నది విమర్శ కన్నా దిగులు. నరుతో జట్టులోని అమ్మాయి సకురాకు రచయిత కిషిమోతో పని ఇచ్చాడు, మళ్ళీ తనే దాన్ని మరిచిపోయాడు. రెండో భాగమైన షిప్పూడెన్ మొదట్లో ఆమె సునాదె దగ్గర వైద్యం నేర్చుకుని వస్తుంది. ఇసుక గ్రామంలో కంకురో ఒంట్లోంచి విషం లాగేస్తుంది, దానికి విరుగుడు తయారుచేస్తుంది, ఆ విరుగుడునే దగ్గర పెట్టుకుని చియో అవ్వతో కలిసి, ఆ విషం ఎక్కించిన ససోరితో తలపడుతుంది. వైద్యం, బలం, బుర్ర మూడూ ఒకే పోరాటంలో. ఆ కొన్ని ఎపిసోడ్లు చూసి ఇక ఈమెకు తిరుగులేదనుకున్నాను. షిప్పూడెన్ మొత్తం 500 ఎపిసోడ్లు, 2007 నుంచి 2017 దాకా నడిచింది. అందులో ఎన్నోసార్లు సకురా మళ్ళీ తాను ప్రేమించే సాసుకే వీపు చూస్తూ నిలబడే అమ్మాయి అయిపోతుంది. యుద్ధంలో శక్తినిచ్చే నుదుటి ముద్ర సాధించినప్పుడు ఒక్కసారి తల ఎత్తుకుంటుంది, కాసేపటికే పక్కనున్న నరుతో, సాసుకే ఇద్దరూ దేవుళ్ళంత ఎత్తుకు వెళ్ళిపోతారు. జనం సకురాను పనికిరానిదంటే నాకు కోపం వస్తుంది. పనికిరానిది కాదు, ఆమె పనిని వాడుకోవడం ఆ కథకు చేతకాలేదు. నరుతో గురువు జిరాయా ఆడవాళ్ళ స్నానాలు తొంగిచూడటాన్ని హాస్యంగా సరిపెట్టడం కూడా అప్పుడూ నవ్వురాలేదు, ఇప్పుడూ రాదు. జిరాయా చావు నన్ను ఏడిపించింది, ఆ హాస్యాన్ని మాత్రం క్షమించను.

షోనెన్ అన్నాక ఇంతే అంటారు కొందరు. షోనెన్ అంటే మగపిల్లల కోసం వచ్చే పత్రికల్లో అచ్చయ్యేది అని మాత్రమే, కథ ఎలా ఉండాలో చెప్పే మాట కాదది. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ కూడా అలాంటి పత్రికలోనే వచ్చింది.

డీమన్ స్లేయర్ ఆఖరి సినిమాల్లో మొదటిది 2025 సెప్టెంబర్‌లో తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చినప్పుడు అన్న కూతుర్ని తీసుకెళ్ళాను. దానికి పదమూడేళ్ళు. హాలంతా నెజుకో టీషర్టులే. హీరో తంజిరో చెల్లెలు, రాక్షసిగా మారిన నెజుకో అంటే నాకూ ముద్దే, కానీ ఆలోచించండి: సిరీస్‌లో ఎక్కువ భాగం నోట్లో వెదురుముక్కతో, మాట లేకుండా, అన్న వీపు మీది పెట్టెలో ఉంటుంది. ఆమెకు ఏం ఇష్టమో, ఏం భయమో మనకు తెలిసింది చాలా తక్కువ. తంజిరో స్నేహితుడు జెనిత్సు సంగతి సరేసరి. దారిన పోయే అమ్మాయిని పట్టుకుని పెళ్ళి చేసుకోమని ఏడవడమే అతని పరిచయం. అతని పోరాటాలు ఎంత బాగున్నా ఆ మొదటి ముద్ర నాకు పోలేదు. అదే కథలో రాక్షసుల్ని వేటాడే షినోబు ఉంది. రాక్షసుల తల నరికే బలం తన చేతుల్లో లేదని తెలుసుకుని, విస్టీరియా పూలనుంచి విషం తయారుచేసి దాన్నే కత్తికి ఆయుధం చేసుకుంది. తన కొరతను తానే కొలుచుకుని, దానికి తగ్గ పని నేర్చుకున్న మనిషి. తంజిరో గురించి కూడా ఒక మాట. తాను చంపిన రాక్షసుడి చెయ్యి పట్టుకుని జాలిపడే కుర్రాణ్ణి హీరోగా పెట్టినందుకు ఆ రచయితకు దండం పెడతాను. మగపిల్లలు ఏడవచ్చని పిల్లలకు ఇంత సూటిగా చూపించినవి తక్కువ.

ఇసెకాయ్, అంటే వేరే లోకంలోకి వెళ్ళే కథల దగ్గర నాకు ఓపిక తక్కువ. వేరే లోకంలో మళ్ళీ పుట్టడం అనే ఊహ చెడ్డదేం కాదు. వీటిలో చాలా భాగం 2004లో మొదలైన 'షోసెత్సుకా ని నారో' అనే జపనీస్ సైట్‌లో మామూలు జనం రాసుకున్న నవలల నుంచి వచ్చినవే. అలసిపోయిన మనుషులు రాసుకున్న కలలు, వాటిని గౌరవిస్తాను. కానీ షీల్డ్ హీరో అనే సిరీస్‌లో హీరో నవోఫుమి ఒక చిన్నపిల్లను బానిసల వర్తకుడి దగ్గర కొంటాడు. రఫ్తాలియా. అతను మంచివాడే, అన్నం పెడతాడు, మందు పట్టిస్తాడు. ఆమెకు బానిస ముద్ర పోయాక, మళ్ళీ ఆ ముద్ర కావాలని ఆమె చేతే అడిగిస్తారు. అక్కడ ఆపేశాను. యజమాని మంచివాడైతే బానిసత్వం ప్రేమ అవుతుందని చెప్పే కథను నేను మా ఇంట్లో పిల్లలకు చూపించలేను. జిగురుముద్దలాంటి స్లైమ్‌గా మళ్ళీ పుట్టిన మనిషి కథ మొదటి సీజన్ నచ్చింది, ఎందుకంటే అందులో ఊరు కడతారు, కమ్మరి కైజిన్‌ను వెతికి తెచ్చుకుంటారు, ఎవరి పని వాళ్ళకుంటుంది. మూడో సీజన్‌కు వచ్చేసరికి అందరూ బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడమే.

ఫ్రీరెన్ అనే సిరీస్ ఈ మధ్య వచ్చినవాటిలో నాకు బాగా దగ్గరైంది. 2023లో మొదలైన మొదటి సీజన్ 28 ఎపిసోడ్లు. రాక్షసరాజును చంపి వీరులు తిరిగి వచ్చాక కథ మొదలవుతుంది. వెయ్యేళ్ళు దాటిన ఎల్ఫ్ (ఎంతో కాలం బతికే జాతి మనిషి), మంత్రగత్తె ఫ్రీరెన్‌కు పదేళ్ళ ప్రయాణం లెక్కలోకి రాదు. ఆ వీరుల నాయకుడు హిమ్మెల్ చనిపోయాక, అతని గురించి తెలుసుకోవడానికి తాను ప్రయత్నమే చేయలేదని గుర్తొచ్చి ఏడుస్తుంది. ఆమె పని ఏంటి? ఎవరికీ అక్కరలేని చిన్నచిన్న మంత్రాలు పోగుచేసుకోవడం. పూలతోట పూయించే మంత్రం ఒకటి. అమ్మ డబ్బాలో రంగురంగుల బొత్తాలు దాచుకునేది, ఏ బట్టకూ సరిపోకపోయినా పారేసేది కాదు. ఫ్రీరెన్‌ను చూస్తే ఆ డబ్బా గుర్తొస్తుంది నాకు.

దాన్లోనూ నాకు మింగుడుపడనిది ఉంది. రాక్షసులకు మాట అనేది మనుషుల్ని మోసం చేయడానికి దొరికిన పనిముట్టు మాత్రమే అంటుంది ఆ కథ. అమ్మా అని పిలిచినా ఆ పిలుపు వెనక ఏమీ ఉండదట. భయపెట్టే ఊహే, బాగా రాశారు కూడా. కానీ ఒక జాతి మొత్తానికి మనసే లేదని తేల్చేసి, ఇక చంపడంలో సందేహం అక్కర్లేదంటే నాకు ఊపిరాడదు. మిగతా కథ అంతా ఒక్కొక్క మనిషినీ ఓపిగ్గా తెలుసుకోమని చెబుతూ, ఇక్కడ మాత్రం తెలుసుకోవడానికి ఏమీ లేదంటుంది. రెండో సగంలో మంత్రగాళ్ళ పరీక్ష వచ్చాక కొత్త ముఖాలు గుంపుగా వచ్చిపడతాయి, మొదటి సగంలోని నెమ్మది పోతుంది.

మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్ రెండు సీజన్లు కలిపి 44 ఎపిసోడ్లు. దీన్ని స్లైస్ ఆఫ్ లైఫ్, అంటే రోజువారీ బతుకు కథ అని చెబితే తమ్ముడు ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. మిడిల్ స్కూల్లోనే ప్రొఫెషనల్ షోగి (జపనీస్ చదరంగం) ఆటగాడైన రే అనే ఒంటరి కుర్రాడు, నది పక్కన మిఠాయి అంగడి నడిపే తాతయ్య, ముగ్గురు అక్కాచెల్లెళ్ళు. రెండో అమ్మాయి హినాత, బడిలో ఏడిపించబడుతున్న స్నేహితురాలి పక్కన నిలబడుతుంది. ఆ స్నేహితురాలు ఊరు వదిలి వెళ్ళిపోయాక వేధింపు ఈమె మీదికి మళ్ళుతుంది. భయంతో వణుకుతూ, ఏడుస్తూ, తాను చేసింది మాత్రం తప్పు కాదంటుంది హినాత. చివరికి అది చూసిన రాత్రి తమ్ముడు బెంగళూరునుంచి ఫోన్ చేసి పది నిమిషాలు ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాడు. వాడికి ఏడో తరగతిలో ఏం జరిగిందో మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను. ఈ సిరీస్ మీద నా ఫిర్యాదు ఒక్క క్యోకో గురించే. తండ్రి షోగి వదిలేయమన్న కూతురు, రేను పెంచుకున్న ఇంటి పిల్ల. ఆమె బాధ అంతా రే భయం లోంచే చూపించారు. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు ఏం చేస్తుందో చూడాలని నాకు చాలా ఉంది.

డబ్బింగ్ గురించి అడిగేవాళ్ళకు: ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలో పెద్దా చిన్నా అందరికీ ఒకటే మాట. జపనీస్‌లో మనిషిని పిలవడంలో ఉన్న దగ్గరతనం, దూరం తెలుగులో భేషుగ్గా వస్తాయి. నువ్వు ఉంది, మీరు ఉంది, గారు ఉంది, అక్కా అన్నా ఉన్నాయి. ఒక పాత్ర ఎప్పుడు మీరు మానేసి నువ్వు అన్నదో అదే కథలో మలుపు కావచ్చు. కానీ నేను విన్న ఒక డబ్బింగ్‌లో అణకువగా మాట్లాడే కుర్రాడి చేత సినిమా హీరో పంచ్‌లు చెప్పించారు. పాత్ర పోయింది. రాసేవాళ్ళు దయచేసి ఆ కుర్రాడు ఇంట్లో వాళ్ళ అమ్మతో ఎలా మాట్లాడతాడో ఒకసారి అనుకుని రాయాలి.

సినిమా చూసి వచ్చాక మా మేనకోడలు నెజుకో టీషర్టు కావాలంది, కొనిచ్చాను. దాంతోపాటు బ్రదర్‌హుడ్ కూడా పెట్టాను. మొదటి మూడు ఎపిసోడ్లు బోర్ అత్తా అంది. ఇప్పుడు 30 దాటింది. మొన్న అమ్మ దగ్గర కూర్చుని కాజాలు కుడుతూ, "నానమ్మా, నువ్వెప్పుడైనా ఒకళ్ళ జాకెట్‌కి హుక్ కుట్టడం మర్చిపోయి ఇచ్చేశావా?" అని అడిగింది. అమ్మ కళ్ళజోడు తీసి, 1998లో ఒక పెళ్ళికూతురి జాకెట్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నేనెప్పుడూ వినలేదు ఆ కథ.