వైజాగ్ ద్వారకానగర్ లో గేమింగ్ ల్యాప్‌టాప్ హీటింగ్ సర్వీస్ – 98 నుంచి 84 డిగ్రీలకి, నా రివ్యూ

ముందు నా మెషీన్ సంగతి చెప్పేస్తా. ప్రాసెసర్ (సీపీయూ) రైజెన్ 7 5800హెచ్, గ్రాఫిక్స్ చిప్ (జీపీయూ) ఆర్టీఎక్స్ 3060, 2021 మోడల్. పగలు బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్ లో రెండర్లు, రాత్రి ఫ్రెండ్స్ తో వాలరెంట్, అంటే రోజంతా దానికి రెస్ట్ లేదు. ఈ సమ్మర్ మొదలయ్యాక పరిస్థితి ఎలా అయిందంటే గేమ్ పెట్టిన కాసేపటికే సీపీయూ 98 డిగ్రీలు, కీబోర్డ్ మీద ఎడమ చేయి పెట్టలేం, పక్క రూమ్ లో అమ్మ టీవీ వాల్యూమ్ పెంచుకోవాల్సినంత ఫ్యాన్ గోల, అంత గోల చేసినా ఫైట్ మధ్యలో ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేములు) 140 నుంచి దబ్బున 50కి పడిపోవడం. 5800హెచ్ కి కంపెనీ ఇచ్చిన లిమిట్ 105 డిగ్రీలు, కాబట్టి 98 అనగానే కాలిపోతుందని కంగారు పడక్కర్లేదు, కానీ అక్కడిదాకా వెళ్లకుండా చిప్ తనంతట తనే స్పీడ్ తగ్గించేసుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. మనం ఎనిమిది కోర్లకి డబ్బులు పెట్టి కొనుక్కుని సగం స్పీడ్ వాడుకుంటున్నాం అన్నమాట, నాకు బాధ అక్కడ.

ఇంతకుముందు సిటీలోనే ఇంకో చోట ఇచ్చా, పేరు చెప్పను. వాళ్లు లోపలికి తీసుకెళ్లి సాయంత్రం ఇచ్చేశారు, "క్లీన్ చేశాం సార్, పేస్ట్ మార్చాం" అన్నారు (చిప్ వేడిని పైనున్న రాగి ప్లేట్ కి చేర్చే థర్మల్ పేస్ట్), టెంపరేచర్ ఎంతుందో చూపించమంటే "వాడి చూడండి సార్ తెలుస్తుంది" అన్నారు. వాడి చూస్తే సీపీయూ రెండు మూడు డిగ్రీలు తగ్గింది, జీపీయూ మాత్రం ముందుకన్నా పెరిగింది. అదెందుకో ఇప్పుడు ఈ షాపులో విప్పాక కళ్లతో చూశా, కింద చెప్తా.

ఇప్పుడు అసలు రివ్యూ. డైమండ్ పార్క్ వైపు నుంచి ద్వారకానగర్ లోకి వస్తే కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ షాపులు వరసగా ఉంటాయి కదా, ఆ సందుల్లో ఒక పాత కాంప్లెక్స్ ఫస్ట్ ఫ్లోర్ లో చిన్న రూమ్. ఒకాయన, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడు, అంతే స్టాఫ్. పెద్ద బోర్డు కూడా లేదు, నాకు మా కొలీగ్ చెప్తే తెలిసింది. వెళ్లగానే నచ్చిన విషయం, ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ముందు చార్జర్ పెట్టించి, టెంపరేచర్లు, స్పీడ్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఓపెన్ చేసి, సీపీయూకి ఫుల్ పని పెట్టి స్కోర్ ఇచ్చే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల టెస్ట్ రన్ చేశారు. ఒక్కసారి బెంచ్‌మార్క్ కొడితే సరిపోదా అని అడిగా. "మొదటి నిమిషం అన్నీ బాగానే ఉంటాయి బాబూ, వేడెక్కాక ఏటవుతాదో అదే అసలు సంగతి" అన్నారు. కరెక్టే, మొదట్లో 4 గిగాహెర్ట్జ్ చూపించిన సీపీయూ చివరికి వచ్చేసరికి 2.6కి దిగిపోయింది, కంపెనీ చెప్పిన దాని మామూలు (బేస్) స్పీడే 3.2 మరి. స్కోర్ 9,700 దగ్గర ఆగింది. ఆ నంబర్లన్నీ ఒక పాత నోట్‌బుక్ లో డేట్ వేసి, రూమ్ టెంపరేచర్ తో సహా రాశారు. రూమ్ టెంపరేచర్ ఎందుకంటే గది 25లో ఉన్నప్పుడు తీసిన రీడింగ్ నీ 34లో ఉన్నప్పుడు తీసిన రీడింగ్ నీ పోల్చకూడదు, గది ఎంత పెరిగితే లోపల కూడా ఇంచుమించు అంత పెరుగుతుంది. ఏసీ రూమ్ లో టెస్ట్ చేసి "తగ్గింది చూడండి" అని చూపించే చోట్ల జాగ్రత్తగా ఉండండి.

తర్వాత మన ముందే విప్పారు, టేబుల్ కి ఇటు స్టూల్ వేసి కూర్చోమన్నారు. కింద కవర్ స్క్రూలు తీస్తూ ఒక్కొక్కటీ ఒక థర్మాకోల్ ముక్క మీద అదే ఆకారంలో గుచ్చుకుంటూ పోయారు, ఎందుకంటే కొన్ని పొడుగువి కొన్ని పొట్టివి, పొడుగుది పొట్టిదాని ప్లేస్ లో బిగిస్తే పైన కీబోర్డ్ వైపు ప్లాస్టిక్ పొడుచుకు వస్తుంది. రెండో స్క్రూ తీసేటప్పుడే అడిగారు "మీ ఇల్లు బీచ్ పక్కనేటి?" అని. లాసన్స్ బే అన్నాను. "స్క్రూలే సెప్తన్నాయి" అని అరచేతిలో పెట్టి చూపించారు, తలల మీద గోధుమ రంగు తుప్పు. ఆయన లెక్క ప్రకారం బీచ్ వైపు నుంచి వచ్చే మెషీన్లకి తుప్పు, పోర్టు దగ్గర పాత ఊరు వైపు నుంచి వచ్చేవాటికి నల్లటి దుమ్ము. మన ఊళ్లో ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. హైదరాబాద్ వాళ్లు చేసిన వీడియోలు చూసి ఏడాదికోసారి క్లీనింగ్ చాలు అనుకుంటాం, కానీ ఇక్కడ గాలిలో తేమ, దాంట్లో ఉప్పు, ఆ తడికి దుమ్ము పొడిగా ఉండకుండా జిగురుగా అతుక్కుపోతుంది. పొడి దుమ్మయితే ఊదితే పోతుంది, ఇది పోదు.

అది ఎక్కడ అతుక్కుందో చూశాక నాకు మొత్తం అర్థమైంది. కూలింగ్ ఎలా పనిచేస్తుందంటే చిప్ మీద రాగి ప్లేట్, దాన్నుంచి హీట్ పైపులు, ఆ పైపుల్లో కొంచెం నీళ్లు ఉంటాయి, వేడి వైపు ఆవిరై చల్లగా ఉన్న చివరికి వెళ్లి మళ్లీ నీరై వెనక్కి వస్తాయి, ఆ చివర్లో సన్నటి రేకులు, అంటే ఫిన్స్, వాటి మీదికి ఫ్యాన్ గాలి కొట్టి వేడిని బయటికి తోసేస్తుంది. ఇప్పుడు దుమ్ము పేరుకునేది బయటికి కనిపించే వైపు కాదు, ఫ్యాన్ కీ ఫిన్స్ కీ మధ్యలో, లోపలి వైపు. ఫ్యాన్ మూత తీయగానే అక్కడ పాత పరుపులోంచి లాగిన దూదిలా ఒక మందపాటి పొర, ఆయన ట్వీజర్స్ తో ఒక మూల పట్టుకుని లాగితే ఫిన్స్ పొడుగునా మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. ఇంతకుముందు వాళ్లు "క్లీన్ చేశాం" అన్నది బయట వెంట్ లోంచి బ్లోయర్ పెట్టి కొట్టడం అన్నమాట, దానివల్ల ఈ పొర వదులై ఫ్యాన్ మీదికి పడుతుంది గానీ బయటికి రాదు. ఇంట్లో బ్లోయర్ వాడేవాళ్లకి ఇంకో మాట, ఫ్యాన్ రెక్కలు కదలకుండా పుల్లతోనో వేలితోనో ఆపి పట్టుకుని కొట్టండి, గాలికి దాన్ని గిర్రున తిరగనిస్తే బేరింగ్ దెబ్బతింటుంది.

హీట్‌సింక్, అంటే ఆ రాగి ప్లేట్, పైపులు, ఫిన్స్ మొత్తం సెట్, దాని స్క్రూల పక్కన 1, 2, 3 అని నంబర్లు ఉంటాయి, ఆ వరసలోనే కొంచెం కొంచెంగా వదులు చేశారు. తీశాక సీపీయూ మీద పేస్ట్ మధ్యలో దాదాపు లేదు, అంతా అంచులకి వెళ్లిపోయి గట్టిపడింది. ల్యాప్‌టాప్ చిప్‌కి పైన మెటల్ మూత ఉండదు కాబట్టి వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పేస్ట్ కొంచెం కొంచెంగా పక్కకి జరిగిపోతుంది, పల్చటి పేస్ట్ అయితే ఇంకా బేగి. ఇక జీపీయూ పక్కన వీర్యామ్ (గ్రాఫిక్స్ మెమరీ) చిప్‌ల మీద థర్మల్ ప్యాడ్లు, అంటే వేడిని హీట్‌సింక్ కి చేర్చే మెత్తటి ముక్కలు, ఇక్కడే ఇంతకుముందు వాళ్లు చేసిన పని బయటపడింది. ఒరిజినల్ కన్నా మందం ప్యాడ్లు వేశారు, దాంతో హీట్‌సింక్ ఆ ప్యాడ్ల మీద కూర్చుని జీపీయూ మీద సరిగ్గా ఆనలేదు. అందుకే పేస్ట్ మార్చాక కూడా జీపీయూ వేడి పెరిగింది. ఆయన వాళ్లని ఒక్క మాట అనలేదు, వెర్నియర్ తో కొలిచి "ఇది ఒక ఎంఎం ఉండాలి, ఒకటిన్నర ఏశారు" అన్నారు అంతే.

పేస్ట్ విషయంలో రెండు ఆప్షన్లు ఇచ్చారు. ఒకటి మామూలు మంచి పేస్ట్, ఆర్కటిక్ ఎంఎక్స్-6. రెండోది హనీవెల్ పీటీఎం7950 షీట్, ఇది మామూలుగా గట్టిగా ఉండి 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ మీద సమానంగా పరుచుకుంటుంది, పేస్ట్ లాగా పక్కకి జారిపోదు. రోజూ రెండరింగ్ చేస్తానని చెప్పా కాబట్టి రెండోదే తీసుకోమన్నారు, 700 ఎక్కువ, తీసుకున్నా. ఆ షీట్ రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటుంది, వేడి రోజుల్లో పొర తీస్తే షీట్ కూడా దాంతోపాటు చిరిగి వచ్చేస్తుంది, అందుకని కుర్రాడి చేత దాన్ని కింద జ్యూస్ షాపు వాళ్ల ఫ్రిజ్ లో కాసేపు పెట్టించి తెప్పించారు. ఈలోగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తో చిప్‌లు, ఆ రాగి ప్లేటు అద్దంలా అయ్యేదాకా తుడుస్తూ కూర్చున్నారు, ఒక్కో మూల కాటన్ బడ్ తో. నాకు పని మీద శ్రద్ధ అంటే ఇదే అనిపించింది. బ్యాటరీ కనెక్టర్ అయితే కవర్ తీసిన వెంటనే మొట్టమొదట పీకేశారు, బ్యాటరీ ఉబ్బిందేమో వేలితో తడిమి కూడా చూశారు, ఎందుకంటే వేడి ఎక్కువైతే మొదట పాడయ్యేది అదే. ఎప్పుడూ చార్జింగ్ లోనే పెట్టి వాడితే 80 శాతం దగ్గర లిమిట్ పెట్టుకోమన్నారు.

నేనున్నప్పుడే ఇంజనీరింగ్ స్టూడెంట్ ఒకతను ఇంటెల్ మెషీన్ పట్టుకొచ్చి లిక్విడ్ మెటల్ వేయమని పట్టుబట్టాడు. ఆయన వేయనన్నారు. అది గాలియం కలిసిన లోహం, అల్యూమినియాన్ని తినేస్తుంది, కరెంట్ ని పాస్ చేస్తుంది, బ్యాగులో వేసుకుని తిరిగే మెషీన్ లో ఒక చుక్క పక్కకి జారితే మదర్‌బోర్డ్ పోయినట్టే. "డబ్బులొస్తాయని ఏసేసి రేపు నీకేటి సెప్పను" అన్నారు. పోనీ అండర్‌వోల్ట్, అంటే వేడి తగ్గేలా చిప్ కి వెళ్లే వోల్టేజ్ తగ్గించి, ఇవ్వమన్నాడు, అతని మెషీన్ లో ఆ ఆప్షన్ లాక్ అయి ఉంది. 2019 డిసెంబర్ లో ప్లండర్‌వోల్ట్ అనే సెక్యూరిటీ లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్ (మదర్‌బోర్డ్ లోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లతో దాన్ని మూసేశాయి కదా. పవర్ ప్లాన్ లో ప్రాసెసర్ మ్యాక్సిమమ్ స్టేట్ 99 శాతం పెట్టి టర్బో (బేస్ కన్నా పైకి వెళ్లే స్పీడ్) ఆపి చూపించారు, గేమ్ ని 60 ఎఫ్‌పీఎస్ కి క్యాప్ చేసుకోమన్నారు, దానికి డబ్బులు తీసుకోలేదు.

నాది బిగించాక మళ్లీ అదే టెస్ట్, అదే రూమ్, ఏసీ లేదు. సీపీయూ 84 దగ్గర నిలబడింది, స్పీడ్ చివరిదాకా 3.6 నుంచి దిగలేదు, స్కోర్ 12,400. జీపీయూ 86 నుంచి 74. షీట్ కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక ఇంకో రెండు డిగ్రీలు తగ్గొచ్చన్నారు, ఇంటికొచ్చాక అలాగే తగ్గింది. ఆ తర్వాత ఏసీ లేకుండా మధ్యాహ్నం ఉక్కపోతలో నాలుగు గంటల రెండర్ పెట్టా, ఎక్కడా పడిపోలేదు. ఇదే సమస్య కోసం నేను కొన్న కూలింగ్ ప్యాడ్ ఇచ్చిన తేడా మూడు నాలుగు డిగ్రీలు, లోపల దారి మూసుకుపోయాక కింద నుంచి ఎంత గాలి కొట్టినా అది ఎటు పోతుంది? ఇప్పుడు ల్యాప్‌టాప్ వెనక వైపు కొంచెం ఎత్తు పెట్టుకుని వాడుతున్నా, ఆ మాత్రం చాలు.

మొత్తం 2,000 అయింది, సర్వీస్ 900, షీట్ 700, ప్యాడ్లు 400. రిజల్ట్ చూశాక నాకైతే ఎక్కువ అనిపించలేదు. నచ్చనివీ ఉన్నాయి. ఒకటి టైమ్, ఉదయం వెళ్తే సాయంత్రం అయింది, మధ్యలో ఫోన్లు, వచ్చేపోయే జనం, ఒక్కడే చేయాలి కాబట్టి తప్పదు గానీ అపాయింట్‌మెంట్ పద్ధతి పెడితే బాగుండేది. రెండోది బిల్లు, అడిగితేనే రాసిచ్చారు, సర్వీస్ మీద వారంటీ ఎన్నాళ్లో నోటితో చెప్పారు గానీ కాగితం మీద లేదు, నేను పట్టుబట్టి రాయించుకున్నా, మీరూ రాయించుకోండి. మూడోది విడిభాగాలు, నా కుడి వైపు ఫ్యాన్ లో సన్నగా గీరుకుంటున్న సౌండ్ ఉంది, బేరింగ్ అరిగిందట, కొత్తది ఆర్డర్ పెట్టి తెప్పించాలి, వచ్చాక ఫోన్ చేస్తామన్నారు, ఇంకా రాలేదు. అందుకే ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఫ్యాన్ టైమ్ కి వస్తే ఆ అర కూడా కలిపేస్తా.

వెళ్లేవాళ్లు వారంటీలో ఉన్న మెషీన్ అయితే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్ కే అడగండి, ఆయన కూడా అదే చెప్పి వెనక్కి పంపేస్తున్నారు. కారు వద్దు, ఆ సందులో పెట్టడానికి చోటు లేదు, బండి మీద వెళ్లండి. డేటా బ్యాకప్ తీసుకుని వెళ్లండి. చార్జర్ మాత్రం తప్పకుండా పట్టుకెళ్లండి, ల్యాప్‌టాప్ తో వచ్చిన ఒరిజినల్ దే, బ్యాటరీ మీద ఉంటే జీపీయూ పూర్తి పవర్ తీసుకోదు కాబట్టి ఆయన అసలు టెస్టే మొదలుపెట్టరు.