ఇంగ్లండ్‌లో బడి సీటు బుక్ చేస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి

నిన్న సాయంత్రం ఆ కన్సల్టెన్సీ ఆఫీసు మెట్లు దిగి వచ్చినప్పటి నుంచి కడుపులో మంట తగ్గలేదు. రాత్రంతా నిద్ర లేదు. పిల్లలతో విదేశాలకు వెళ్తున్నవాళ్ళు, వాళ్ళను పంపుతున్న ఇళ్ళవాళ్ళు దయచేసి ఇది చదవండి. ఆ ఆఫీసు పేరు రాయడం లేదు. ‘ఫ్యామిలీ సెటిల్మెంట్ ప్యాకేజీ’ అనగానే నల్లగొండ, మిర్యాలగూడ వైపు వాళ్ళలో చాలామందికి ఎవరి గురించో తెలిసిపోతుంది.

సంగతి చిన్నగా చెప్తాను. మా బావకు ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉద్యోగం వచ్చింది. చెల్లె, ఇద్దరు పిల్లలు కూడా వెళ్ళాలి. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు ఐదేళ్ళు. వీసాకు ముందే కట్టాల్సిన హెల్త్ సర్‌చార్జీ, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఫీజు, పెద్దవాళ్ళకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మూడేళ్ళకు నలుగురివి కలిపి 10,866 పౌండ్లు. దాంతోనే వాళ్ళ దగ్గర ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. అక్కడ ఏ ఊళ్ళో ఉండాలి, పిల్లలను ఏ బళ్ళో వేయాలి అనేది నేను చూసుకుంటానని నేనే ముందుకు పోయాను. ‘వద్దన్నా, ముందు ఆయన పోయి చూసినంక మేం పోతం’ అని చెల్లె ఒకటికి రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. బత్తాయి అమ్మిన పైసలు చేతిలో ఉన్నాయి, మేనల్లుడు మంచి బళ్ళో చదవాలన్న ఆశ ఉంది.

ఆఫీసులో ఆ రోజు మర్యాదకు లోటు లేదు. ఆఫీసు నడిపే మనిషి చాయ్ తెప్పించాడు, ‘అన్నా, నేను కూడా మన దిక్కోణ్ణే’ అన్నాడు. కంప్యూటర్‌లో మ్యాపు తెరిచి ఎర్లీ అనే చోటు చూపించాడు. రీడింగ్‌ను ఆనుకొనే ఉంటుంది, పక్కనే యూనివర్సిటీ, లోపల చెరువు, చెట్లు, అన్నీ పిల్లలున్న ఇళ్ళే. ఊరి గురించి అతను చెప్పింది అబద్ధం కాదు, అది నేను ఒప్పుకుంటాను. చెల్లెకు కూడా ఊరు నచ్చింది. ఆ తర్వాత చెప్పిందే మమ్మల్ని ముంచింది. ‘ఇంటి నుంచి ఏడు నిమిషాల నడక, ఇద్దరికీ ఒకే బడి, సీట్లు మేం రిజర్వ్ చేస్తం, నలభై వేలు’ అన్నాడు. మన దగ్గర ఎల్‌కేజీ సీటుకే అడ్మిషన్ ఫీజు, ఆ ఫీజు ఈ ఫీజు అని వేలకు వేలు కట్టి అలవాటైపోయాం కదా, నాకు అది వింతగా అనిపించలేదు. ఇంగ్లండ్ బడికి నలభై వేలంటే తక్కువే అనుకున్నాను. రసీదు రాసిచ్చాడు. ‘స్కూల్ సీట్ రిజర్వేషన్, ఇద్దరు పిల్లలు, 40,000’. కింద గుండ్రటి స్టాంపు, సంతకం.

ఆ మాట నమ్మి చెల్లె అక్కడికి వెళ్ళగానే ఆ బడి ముద్ర ఉన్న నీలం స్వెటర్లు రెండు కొన్నది. బాబు ఇంట్లో కూడా అది తీయలేదట. వీడియో కాల్‌లో నాకు ముందూ వెనకా తిరిగి చూపించాడు. బడి తెరిచిన రోజు ముగ్గురూ నడుచుకుంటూ వెళ్ళారు. బడి ఆఫీసులో కూర్చున్న ఆవిడ లిస్టు మొత్తం రెండుసార్లు చూసి, ఇద్దరి పేర్లూ లేవని చెప్పిందట. డబ్బు కట్టామని చెల్లె అంటే ఆవిడకు ముందు అర్థమే కాలేదట. అర్థమయ్యాక, ‘ఇది ప్రభుత్వ బడి, ఇక్కడ ఎవరూ అడ్మిషన్‌కు డబ్బు తీసుకోరు, మీ దగ్గర ఎవరు తీసుకున్నారు?’ అని అడిగిందట. వరసలో ఇంకా తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. చెల్లె దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి బాబు ఫోన్‌లో ‘మామా, లిస్టుల నా పేరు లేదంట’ అన్నాడు. వాడి ఒంటి మీద ఇంకా ఆ స్వెటరే ఉంది.

తర్వాత తెలిసినవన్నీ మొదటి రోజే తెలుసుకోవాల్సినవి. ఎర్లీ అడ్రసులో రీడింగ్ అనే ఉంటుంది, కానీ ఆ ప్రాంతం వోకింగ్‌హమ్ కౌన్సిల్ కిందికి వస్తుంది. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిది, బడి సీట్ల దరఖాస్తులు చూసేదీ అదే. మా కాగితాల నిండా అతను రీడింగ్ కౌన్సిల్ అని రాశాడు. ఏ కౌన్సిలో కూడా చూడనివాడు సీటు ఎక్కడ రిజర్వ్ చేశాడు? ఏడాది మధ్యలో వచ్చిన పిల్లలకు ఖాళీ ఉంటేనే సీటు, లేకుంటే వెయిటింగ్ లిస్టు. చిన్న తరగతుల్లో, అంటే రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2లో, ఒక టీచర్‌కు 30 మందికి మించి పిల్లలు ఉండకూడదని అక్కడ చట్టం. ఎవరు సిఫార్సు చేసినా ముప్పై ఒకటో పిల్లాణ్ణి కూర్చోబెట్టరు.

చెల్లె కౌన్సిల్‌కు దరఖాస్తు పెడితే పాపకు ఇయర్ 5లో ఖాళీ ఉండి ఆ బళ్ళోనే సీటు వచ్చింది. బాబుకు మైలున్నర దూరంలో ఇంకో బళ్ళో ఇచ్చారు. రెండు బళ్ళూ పొద్దున ఒకే వేళకు తెరుస్తారు. ఒకరిని దింపి రెండోవాళ్ళ దగ్గరికి వానలో ఉరుకుతుంది. బస్సు అడిగితే, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు రెండు మైళ్ళు దాటితేనే ఉచితం అన్నారు. అక్క అదే బళ్ళో ఉంది కాబట్టి వెయిటింగ్ లిస్టులో బాబుకు ముందు వరస దొరుకుతుందని చెప్పారు. ఆ ఒక్క ఆశతో ఉన్నారు.

నిన్న ఆ రసీదు పట్టుకొని ఆఫీసుకు పోయాను. గొడవ చేద్దామని కాదు, పైసలు వాపస్ ఇస్తే చాలనుకున్నాను. లోపల ఇద్దరు కుర్రాళ్ళు ఒళ్ళో పాస్‌పోర్టు ఫైళ్ళు పెట్టుకొని కూర్చున్నారు. నన్ను చూసి అతను లేవలేదు. రసీదు టేబుల్ మీద పెట్టాను. చదివాడు, తిప్పి వెనక చూశాడు, వేలితో నా వైపుకు నెట్టాడు. ‘ఇండ్ల రిజర్వేషన్ అని ఉన్నది, కన్ఫర్మ్ అని లేదు గదా. రైలు టికెట్ ఎన్నడు కొనలేదా?’ అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. బాబు ఏడుస్తున్నాడని చెప్పబోయాను. అతను మధ్యలోనే ఆపి, ‘వాళ్ళు పౌండ్లల్ల సంపాదిస్తున్నరు, మీరేమో నలభై వేలకు గింత లొల్లి చేస్తున్నరు’ అని ఆ కుర్రాళ్ళ వైపు చూసి నవ్వాడు. వాళ్ళు కూడా మొహమాటానికి నవ్వారు. చాయ్ పోసి అన్నా అన్న మనిషే. నేను రసీదు తీసుకొని బయటికి వచ్చేశాను. క్లాక్ టవర్ దాకా బండి నడిపించుకుంటూ పోయి, స్టాండు వేసి అట్లనే నిలబడ్డాను. బత్తాయి తోట దగ్గర తరుగు పేరుతో క్వింటాళ్ళకు క్వింటాళ్ళు కోసుకున్న బేరగాళ్ళను చూశాను. ఒక్కడు కూడా నా మొహం మీద ఇట్ల నవ్వలేదు.

అన్నిటికంటే నన్ను తినేస్తున్నది ఇంకొకటి. ఆ ఇద్దరు కుర్రాళ్ళకు అక్కడే ఒక్క మాట చెప్పాల్సింది, కట్టకండి తమ్ముడూ అని. చెప్పలేదు. సిగ్గుతో తల వంచుకొని వచ్చేశాను. వాళ్ళో, వాళ్ళ ఇంట్లోవాళ్ళో ఇది చదివితే చాలు.

ఇంటికి వచ్చాక మిగతా లెక్కలు కూడా తీశాను. ఇంటి కోసం టోకెన్ అని 1,000 పౌండ్లు తీసుకున్నాడు. అద్దె నెలకు 1,650. ఇంగ్లండ్‌లో 2019 నాటి టెనెంట్ ఫీజెస్ చట్టం ప్రకారం ఇల్లు మన కోసం ఆపి ఉంచడానికి వారం అద్దెకు మించి తీసుకోకూడదు. ఆ లెక్కన 380 పౌండ్లే. అక్కడ ఇల్లు అద్దెకిప్పించిన ఏజెంటు చెల్లెకు ఇచ్చిన బిల్లులో కూడా 380 అనే ఉంది. మిగతా 620 ఇతని జేబులోకే పోయాయి. పౌండు 115 రూపాయలు వేసుకున్నా డెబ్బై ఒక్క వేలు. అదీ ఇదీ కలిపి లక్షా పదకొండు వేలు, వాళ్ళ ప్యాకేజీ ఫీజు కాక.

వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. మగవాళ్ళో ఆడవాళ్ళో, ఉద్యోగం ఎవరిదైతే వాళ్ళు ముందు ఒక్కరే వెళ్ళి ఆ వీధిలో పొద్దునా రాత్రీ నడిచి చూడండి. ఇంటి పోస్ట్‌కోడ్ కొడితే ఏ కౌన్సిలో గవ్ డాట్ యూకేలో కనిపిస్తుంది. ఇల్లు ఒప్పుకునే ముందే ఆ కౌన్సిల్ అడ్మిషన్ల వాళ్ళకు మెయిల్ పెట్టి, మీ పిల్లల ఇయర్‌లో ఏ బళ్ళో ఖాళీలున్నాయో అడగండి. బడి ఎట్లాంటిదో అక్కడ బళ్ళను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ రిపోర్టుల్లో ఉంటుంది, వీధిలో దొంగతనాలు, కొట్లాటలు ఎన్నో అక్కడి పోలీసు వెబ్‌సైట్‌లో ఉంటుంది. రెండూ ఉచితమే, నల్లగొండలో కూర్చొని చూసుకోవచ్చు. ఇంటి అడ్వాన్సు అయిదు వారాల అద్దెకు మించి అడిగితే ఎందుకని నిలదీయండి. ఏడాదికి 50,000 పౌండ్ల లోపు అద్దె ఉన్న ఇళ్ళకు అదే హద్దు. కట్టిన అడ్వాన్సును 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీములో పెట్టాలి, ఆ కాగితం అడిగి తీసుకోండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. సోమవారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. కట్టిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు ఫిర్యాదు పెట్టాలి. రసీదు, బిల్లు, బ్యాంకు కాగితం అన్నీ జిరాక్స్ తీసి పెట్టుకున్నాను. ‘సీట్ రిజర్వేషన్’ అని రాసి గుండ్రటి స్టాంపు వేసిన రసీదు మీ ఇంట్లో కూడా ఉంటే పారేయకండి, సోమవారం పది గంటలకు కమిషన్ దగ్గరికి తీసుకురండి. నేను అక్కడే ఉంటాను.