ఫైళ్ళు ఎక్కడికీ పోవన్న మాట నమ్మకండి

ఇది రాస్తున్నప్పుడు కూడా కోపం తగ్గలేదు. విజయనగరంలో మూడు లాంతర్ల వైపు కంప్యూటర్ సేవలు అమ్మే ఆ దుకాణం మీలో చాలామందికి తెలిసినదే, పేరు రాయను. జట్టుగా పనిచేసేవారు పోస్టులు పెట్టుకుని వాటికి ఫైళ్ళు జతచేసుకునే ఆన్‌లైన్ సేవకు ఏడాది చందా అక్కడే కట్టాను.

పోయిన శనివారం స్థలం నిండిందని హెచ్చరిక వచ్చింది. ఫోను చేస్తే అక్కడి కుర్రవాడు తడుముకోకుండా, “పాత పోస్టులు తీసేయండి మేడం. ఫైళ్ళు విడిగా ఉంటాయి, ఎక్కడికీ పోవు” అన్నాడు. రాత్రి పదకొండు దాకా కూర్చుని ఒక్కొక్కటీ నా చేత్తోనే తీసేశాను. ఫైళ్ళు అలాగే ఉంటే స్థలం ఎలా ఖాళీ అవుతుంది? ఆ ఒక్క ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు నిద్ర పట్టనివ్వనిది అదే.

పోయినవి, రెండేళ్ళుగా మేము నలుగురం పొందూరు వెళ్ళి, ఖద్దరు నూలు వడికే ఆడవాళ్ళ పనిని తీసిన వీడియోలు. ఒక ముసలమ్మ వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని గింజ మీదే దువ్వుతుంది. 12 నిమిషాల ఆ వీడియోలో పోగులు ఆమె వేళ్ళకు అంటుకోవడం, ఏకులను ఎండిన అరటిపట్టలో సర్దడం అన్నీ కనిపించేవి. ఆమె సంక్రాంతికి ముందు కన్నుమూసింది. ఫోన్లలో చోటు లేక అసలు కాపీలు ఎప్పుడో తీసేశాం. అది మా తప్పే.

సోమవారం దుకాణానికి వెళ్ళాను. అదే కుర్రవాడు తల కూడా ఎత్తకుండా, “నొక్కింది మీరే కదా” అన్నాడు. మీరు చెప్పబట్టే నొక్కానన్నాను. “నేను అలా చెప్పి ఉండను” అన్నాడు. పక్కనే యజమాని అంతా వింటున్నాడు. నేను ముసలమ్మ సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి, ఇంకా పెద్ద చందా ధరల కాగితం నా ముందుకు జరిపాడు. అక్కడే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

తరువాత తెలిసింది, ఈ సేవలో ఫైలు పోస్టుతోపాటే పోతుందని. గూగుల్ డ్రైవ్‌లో తొలగించిన ఫైలైనా 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. ఇందులో అదీ లేదు.

అక్కడ చందా కట్టినవారు ఈ రోజే అన్నీ వేరే డిస్కులోకి దించుకోండి. ఏదైనా తీసేయాల్సి వస్తే ముందు పనికిరాని ఒక్క పోస్టు తీసి, దాని ఫైలు ఇంకా తెరుచుకుంటోందో లేదో చూడండి. వాళ్ళు ఏం చెప్పినా రాసి ఇవ్వమనండి.